రోజుకి యాభై ఒక్క ఖాళీలు

వర్షమాన నమోదు శాఖ జిల్లా కార్యాలయంలో ఇరవై ఇద్దరు ఉద్యోగులున్నారు. పైడమ్మ ఆ ఇరవై ఇద్దరిలో లేదు. ఆమె చేసేదల్లా రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆఫీసు వెనక పెరట్లోకి వెళ్ళి, వాన డబ్బా మూత తీసి, అందులో చేరిన నీళ్ళని గాజు గొట్టంలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి చీటీ మీద రాయడం. ఆ చీటీలోని అంకెని ఒకరు పుస్తకంలోకి ఎక్కిస్తారు, ఒకరు సరిచూస్తారు, ఒకరు నిన్నటిదానితో కూడతారు, ఒకరు నిరుటిదానితో పోలుస్తారు, ఇంకొకరు పై ఆఫీసుకి పంపుతారు. మిగిలిన పదిహేడుగురూ ఈ అయిదుగురి సెలవులూ ఇంక్రిమెంట్లూ చూస్తారు. వాన పడని రోజు చీటీ మీద సున్నా ఉంటుంది. సున్నాకీ అంత పనీ ఉంటుంది.

పైడమ్మది రోజుకూలీ. పదమూడేళ్ళ కిందట వర్షమాపక సహాయకుడు రిటైరైనప్పుడు, "కొత్తవాణ్ణి వేసేదాకా నువ్వు చూస్తుండు" అని ఆమెని పెట్టుకున్నారు. ఆ పోస్టు అప్పట్నుంచీ ఖాళీగానే ఉంది. ఖాళీలేవీ భర్తీ చెయ్యరాదని ఆర్థిక శాఖవారి నిషేధం. "ఈ ఒక్క ఖాళీని పైడమ్మతో భర్తీ చేయుటకు అనుమతి కోరడమైనది" అని సూపరింటెండెంటు కామేశంగారు ఏటా ఒక ఉత్తరం రాస్తారు. "పరిశీలనలో ఉన్నది" అని ఏటా ఒక జవాబొస్తుంది. పదమూడు ఉత్తరాలు, పదమూడు జవాబులు. ఈ ఏడు సెప్టెంబరు ముప్ఫైతో పైడమ్మకి వయసు పరిమితి దాటిపోతుంది. ఆ తర్వాత ఆర్థిక శాఖవారు కరుణించినా రూలు కరుణించదు. పైడమ్మ ఆ తేదీకి ఇంకా ఎన్ని రోజులుందో రోజూ లెక్కపెట్టుకునేది. ఎవరితోనూ అనేది కాదు. అన్నా వినేవాళ్ళెవరు, అందరూ పర్మినెంటువాళ్ళే.

ఇలా ఉండగా జూన్ ఆఖర్న రాజధానిలోని డైరెక్టరుగారు ఎక్కడో కొండ మీద అయిదు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ వారికి సుడోకు నేర్పారు. తొమ్మిది అడ్డవరసలు, తొమ్మిది నిలువు వరసలు, తొమ్మిదేసి గడులున్న తొమ్మిది చదరపు ఇళ్ళు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఏ అంకె అయినా ఒక వరసలో గానీ ఒక ఇంట్లో గానీ ఒక్కసారే రావాలి. కొన్ని అంకెలు వాళ్ళే వేసిపెడతారు, మిగతా గడులు మనం నింపుకోవాలి. డైరెక్టరుగారు అయిదు రోజుల్లో ఒకటి పూర్తి చేశారు. ఆ ఆనందం ఆపుకోలేక సర్క్యులర్ ఇచ్చారు. సర్క్యులర్లు విధిగా తెలుగులోనే ఉండాలని అంతకుముందు నెలే ఇంకో సర్క్యులర్ ఇచ్చి ఉన్నారు గనక, అది ఇలా ఉంది:

"ఉద్యోగుల మేధస్సు తుప్పు పట్టియున్నట్లు గమనించడమైనది. కావున జూలై ఒకటవ తేదీ నుండి ప్రతి ఉద్యోగియు ప్రతి పనిదినమున ఉదయం పదిన్నర గంటలకు నవాంక చతురస్ర పూరణము గావించి, అందలి యాభై ఒక్క ఖాళీలను విధిగా భర్తీ చేయవలెను. ఇరవై యొక్క దినములలో ఇది అలవాటుగా మారవలెను. మారనిచో కారణములు తెలుపవలెను."

వెంటే పుస్తకాలొచ్చాయి, మనిషికొకటి. పేజీకో సుడోకు, ఒక్కోదానిలో సరిగ్గా యాభై ఒక్క ఖాళీలు. ఒకటి తగ్గినా ఒకటి పెరిగినా టెండరు చెల్లదని ముందే షరతు పెట్టారట.

జిల్లా అధికారి దివాకరంగారు వెంటనే మీటింగు పెట్టారు. ఆయనకి ఏ సర్క్యులరైనా ఇష్టమే, అందులో తను సంతకం పెట్టవలసిన జాగా ఒకటుంటే చాలు.

"మిత్రులారా," అన్నారు, "అలవాటనేది బలవంతంగా వచ్చేది కాదు. అందుకే దానికి హాజరు పట్టీ పెడుతున్నాం."

కామేశంగారు లేచారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన సందేహం లేకుండా ఏ కాగితాన్నీ పక్కన పెట్టిన మనిషి కాదు.

"ఇరవై ఒక్క రోజులన్నారు సార్. అది ప్రొబేషన్ కిందికి వస్తుందా? పూర్తయ్యాక అలవాటుని ఖాయపరుస్తూ విడిగా ఉత్తర్వు ఇవ్వాలా, లేక దానంతటదే ఖాయమవుతుందా?"

"విడిగా ఇద్దాం."

"మధ్యలో ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ అలవాటు ఎవరు చూడాలి సార్?"

"పక్క సీటువాళ్ళకి అదనపు బాధ్యతలు అప్పగించండి," అన్నారు దివాకరంగారు.

జూలై ఒకటిన, బయట వాన దంచి కొడుతుండగా, ఇరవై ఇద్దరూ పుస్తకాలు తెరిచారు. తెరిచి కామేశంగారి వైపు చూశారు. "గడి ఖాళీగా ఉంది కదా అని తోచిన అంకె వేసెయ్యడానికి ఇది మన ఇల్లు కాదు," అని ఆయన మందలించి, ఫైలు తెరిచారు. మొదటి అడ్డవరస, మూడో గడిలో 4ని నియమించుటకు ప్రతిపాదన. దానికి అడ్డవరస నుంచి ఒకటి, నిలువు వరస నుంచి ఒకటి, ఇంటి నుంచి ఒకటి, వెరసి మూడు అభ్యంతరం లేదన్న పత్రాలు కావాలి. ఇందులో అంకెలు సీనియారిటీ ప్రకారం వెయ్యాలంటే 1 సీనియరా 9 సీనియరా అని పై ఆఫీసు నుంచి స్పష్టత కూడా కావాలి. నాలుగో రోజు సాయంత్రానికి ఆఫీసు మొత్తం మీద ఒక్క గడి నిండింది. అందులో 4 కూర్చుంది. దివాకరంగారు దాన్ని స్వయంగా వచ్చి చూసి వెళ్ళారు.

అలవాటు ఉద్యోగికే గనక పైడమ్మకి పుస్తకం ఇవ్వలేదు. ఆ సాయంత్రం పుస్తకాలన్నీ ఎత్తి బీరువాలో పెడుతూ ఆమె ఆ పేజీ చూసింది. అక్కడ సీనియర్ అసిస్టెంటు ఇందుమతి ఒక్కతే ఉంది, గొడుగు వెతుక్కుంటూ.

"ఇక్కడ నాలుగెట్టేసేరేటి మేడంగారూ? అదే నిలువులో కిందన ఇంకో నాలుగుంది కదండి," అంది పైడమ్మ.

ఇందుమతి గొడుగు వదిలేసి వచ్చి చూసింది. ఉంది.

"నీకు ఇది వచ్చా?"

"ఏటి రావడం. వరసలో నేని అంకేదో సూసుకోడవే కదండి."

ఇందుమతి ఒక పెన్సిలూ రబ్బరూ ఆమె చేతిలో పెట్టి కుర్చీ లాగింది. పదమూడేళ్ళుగా గాజు గొట్టం మీది సన్నటి గీతలు చదివిన కళ్ళు అవి. పైడమ్మ ముందు ఆ 4 చెరిపింది. ఇరవై నిమిషాల్లో యాభై ఒక్క గడులూ నిండాయి. ఇందుమతి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది, మర్నాడు ఆ కబురు మిగతావాళ్ళకి చెప్పింది, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

అక్కణ్ణుంచి పైడమ్మ పని పెరిగింది. పొద్దున్నే వాన కొలిచి చీటీ రాసి, వరండాలో చాప పరుచుకుని, ఒక పుస్తకంలో తను ఆలోచించి నింపేది, మిగతా ఇరవై ఒకటిలో ఎక్కించేది. మొదటి నాలుగు రోజుల బకాయి కూడా అలాగే తీర్చేసింది. పదిన్నరకి ఉద్యోగులు వచ్చి పేజీ కింద సంతకాలు పెట్టేవారు. దివాకరంగారు మాత్రం సంతకానికి ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకునేవారు. మేధస్సు కదులుతున్నట్టు ఆయనకి స్పష్టంగా తెలిసేదట.

ఎవరూ అడగలేదు గానీ, పైడమ్మకి ఆ పని ఇష్టమైపోయింది. ఆదివారం నాడు ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకునేది కాదు, కేలండరు వెనక గళ్ళు గీసుకునేది. అందులో ఏ గడిని చూసినా దానిలో కూర్చోవలసినవాళ్ళు ఒకళ్ళుంటారు. కాస్త ఓపిక పడితే ఎవరో తెలుస్తుంది. తెలిశాక కూర్చోబెట్టెయ్యడమే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆఫీసులో కూడా ఇలా ఉంటే ఎంత బావుణ్ణు అనుకునేది.

ఇరవై ఒక్క రోజులు నిండాయి. ఇరవై ఇద్దరికీ అలవాటు ఖాయమైనట్టు కామేశంగారు ఉత్తర్వు తయారుచేశారు. నిజంగా అలవాటైన ఒకే ఒక్క మనిషికి మాత్రం ఉత్తర్వు రాలేదు, అర్హత లేదు గనక.

ఆగస్టు మొదట్లో డైరెక్టరుగారు నివేదిక అడిగారు. కామేశంగారికి ధర్మసంకటం వచ్చింది. సుడోకుకి ప్రొఫార్మా లేదు.

"తెల్ల కాగితం మీద రాసి పంపేద్దాం లెండి," అంది ఇందుమతి.

"ప్రొఫార్మా లేకుండా పంపితే అది నివేదిక అవదమ్మా, ఉత్తరం అవుతుంది. కొత్త ప్రొఫార్మా తయారుచేసే అధికారం మనకి లేదు. ఉన్నవాటిలో ఏది సరిపోతే అందులో పంపాలి," అని ఆయన బీరువా అంతా గాలించి ఒకటి పట్టుకున్నారు. దాని పేరు 'ఖాళీలు, భర్తీ: మాసవారీ నివేదిక'. చొక్కా కుట్టించినట్టు అతికింది. ఇరవై ఇద్దరు, ఇరవై రెండు పనిదినాలు, రోజుకి యాభై ఒకటి. మొత్తం ఖాళీలు: 24,684. భర్తీ చేసినవి: 24,684. ఇంకను మిగిలియున్న ఖాళీలు: లేవు. దివాకరంగారు కళ్ళు మూసుకోకుండానే సంతకం పెట్టారు. ప్రొఫార్మా అడుగున, 'ఒక ప్రతి ఆర్థిక శాఖకు' అని అచ్చయి ఉంది. ఒక ప్రతి ఆర్థిక శాఖకి వెళ్ళింది.

పది రోజుల్లో జవాబొచ్చింది. పదమూడేళ్ళలో అంత తొందరగా వచ్చిన జవాబు అదే. కామేశంగారు హాలు మధ్య నిలబడి చదివారు.

"ఖాళీల భర్తీపై నిషేధము అమలులో నుండగా, ఇరవై ఇద్దరు సిబ్బంది గల మీ కార్యాలయము ఒక్క మాసములో ఇరవై నాలుగు వేల ఆరువందల ఎనభై నాలుగు ఖాళీలను ఏ అధికారముతో భర్తీ చేసినదో తక్షణమే సంజాయిషీ సమర్పించవలెను. మరియు, మీ కార్యాలయమున ఖాళీలేవియు మిగిలి లేవని మీరే ధ్రువీకరించియున్నందున, వర్షమాపక సహాయకుని పోస్టునకై పదమూడు సంవత్సరములుగా నడుచుచున్న ఫైలు ఇంతటితో మూసివేయడమైనది."

పైడమ్మ ఆనాటి వాన చీటీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఖాళీ నేదంటారేటి బాబూ?" అంది. "మరి నాను పదమూడేళ్ళు దేన్లో నిలబడ్డాను?"

"రికార్డు ప్రకారం నిండిపోయిందమ్మా."

"ఎవరితోటి?"

కామేశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఫలానా అని చెప్పలేను. మొత్తం మీద నిండింది."

ఆమె చీటీ బల్ల మీద పెట్టి పెరట్లోకి పోయింది. వాన డబ్బా పక్కన గట్టు మీద కూర్చుని ఏడ్చింది. అన్ని వేల గడులు ఒక్కటి తప్పకుండా నింపిన చెయ్యి, తన గడి తనే నింపేసి వచ్చిందని ఆమెకి అర్థమైంది. సెప్టెంబరు ముప్ఫైకి ఇంక నెలన్నర కూడా లేదు.

లోపల దివాకరంగారు కూడా సుఖంగా ఏమీ లేరు. "పొరపాటైందని రాసేద్దామా?" అన్నారు.

"రాయొచ్చు సార్," అన్నారు కామేశంగారు. "అప్పుడు ఖాళీలు భర్తీ చెయ్యలేదని మనమే ఒప్పుకున్నట్టు. అది డైరెక్టరుగారి సర్క్యులర్ ఉల్లంఘన. చేశామంటే ఆర్థిక శాఖ నిషేధం ఉల్లంఘన."

"రెండూ కాకుండా?"

"రెండూ కాకుండా సెలవు పెట్టొచ్చు సార్."

డైరెక్టరుగారిని సలహా అడుగుదామంటే వారు అప్పటికి ఇంకో శిక్షణలో ఉన్నారు. అక్కడ వారికి మౌనం నేర్పుతున్నారట.

సెప్టెంబరు పద్దెనిమిదిన ఆర్థిక శాఖ ఉప కార్యదర్శిగారు స్వయంగా తనిఖీకి దిగారు. వానలో తడిసిన బూట్లు గుమ్మం దగ్గర దులుపుకుని, హాలంతా కలయజూసి, "ఇరవై నాలుగు వేల ఆరువందల ఎనభై నాలుగు మందినీ ఎక్కడ కూర్చోబెట్టారు?" అని అడిగారు.

"బీరువాలో సార్," అన్నారు దివాకరంగారు.

పుస్తకాలు తీశారు. ఉప కార్యదర్శిగారు ఒకటి తెరిచి చాలాసేపు చూశారు.

"ఇవి అంకెలు," అన్నారు.

"అవును సార్."

"మనుషులు కారు."

"ప్రొఫార్మాలో ఆ వివరం అడగలేదు సార్," అన్నారు కామేశంగారు.

ఉప కార్యదర్శిగారు మూర్ఖుడేమీ కాదు. విషయమంతా అర్థమైంది. నవ్వేసి వెళ్ళిపోదామనే అనిపించింది. కానీ ఫైలు అప్పటికే చాలా పైదాకా వెళ్ళి, పైవాళ్ళ ఎర్ర సిరా పడి కిందికి దిగింది. 'బాధ్యులు' అన్న కాలమ్‌లో ఒక పేరు పడితే గానీ అది మూతపడదు.

"సరే. జరిగిన నియామకాలన్నీ రద్దు చెయ్యాలి. నియమించిందెవరు? అన్నీ ఒకే చేతిరాత. ఎవరిది?"

ఆ ఇరవై రెండు పుస్తకాల్లో పేజీ పేజీకీ సంతకాలు పెట్టిన ఇరవై ఇద్దరూ నేల చూపులు చూశారు. గచ్చు మీద ఏదో రాసిపెట్టి ఉన్నట్టు ఇందుమతి మరీ శ్రద్ధగా చూసింది. గుమ్మం దగ్గర్నుంచి పైడమ్మ రెండడుగులు ముందుకేసింది.

"నా రాతేనండి బాబూ. అందులో తప్పేటీ నేదండి. కావలిస్తే సరిసూసుకోండి."

ఆయన ఒక పేజీ అడ్డంగా చూశారు, నిలువుగా చూశారు, ఇల్లిల్లూ చూశారు.

"తప్పు లేదు," అని ఒప్పుకున్నారు. "నీ హోదా ఏమిటి?"

"అలాటిదేటీ నేదండి. వాన కొలుస్తానండి."

"హోదా లేని మనిషి ఇరవై నాలుగు వేల నియామకాలు చేసింది," అని ఉప కార్యదర్శిగారు తల పట్టుకున్నారు. "ఈమెని వెంటనే సస్పెండ్ చెయ్యండి."

పోస్టు ఎలాగూ పోయింది, ఉన్న కూలిపని కూడా పోతోందనుకుంది పైడమ్మ. అప్పుడు కామేశంగారు గొంతు సవరించుకున్నారు.

"సస్పెండ్ చెయ్యడానికి వీల్లేదు సార్. క్రమశిక్షణ నియమావళి ఉద్యోగులకే వర్తిస్తుంది. రోజుకూలీని తీసెయ్యొచ్చు గానీ సస్పెండ్ చెయ్యకూడదు."

"అయితే తీసెయ్యండి."

"తీసేస్తే ఆమె పేరు ఎక్కడా ఉండదు సార్. బాధ్యుల కాలమ్ ఖాళీగా ఉండిపోతుంది. అసలే ఇది ఖాళీల మీద వచ్చిన విచారణ."

ఉప కార్యదర్శిగారు కుర్చీలో కూర్చున్నారు. "ఏమిటంటారు మీరు?"

"ఆమెని సస్పెండ్ చెయ్యాలంటే ముందు ఆమె ఉద్యోగి అయ్యుండాలి సార్. నేరం జూలై ఒకటిన మొదలైంది గనక, జూలై ఒకటి నాటికే అయ్యుండాలి. ఇక్కడున్నది వర్షమాపక సహాయకుడి పోస్టొక్కటే."

"ఖాళీలు లేవని రాశారుగా."

"నియామకాలు రద్దు చేశాక ఏర్పడతాయి సార్."

"మరి నిషేధం?"

"అది సేవ కోసం చేసే నియామకాల మీద సార్. శిక్షించడం కోసం చేసే నియామకం మీద నిషేధం ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు."

ఉప కార్యదర్శిగారు కూడా ఎక్కడా చదవలేదు. కామేశంగారు ఆ మాటలు కావాలనే అన్నారో, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ రూలు దానంతటదే ఊడిపడిందో పైడమ్మకి ఈనాటికీ తెలియదు. ఆయన మొహం చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అది అలాంటి మొహం.

తర్వాత వారం రోజులూ ఆఫీసులో ఎవరికీ తలెత్తే తీరిక లేదు. ఇరవై నాలుగు వేల ఆరువందల ఎనభై నాలుగు అంకెలనీ రబ్బరుతో చెరపాలి. ఆ నేరం చేసిన మనిషి చేత చెరిపించకూడదని కామేశంగారు పట్టుబట్టారు. సుడోకు వచ్చాక ఉద్యోగులు స్వహస్తాలతో చేసిన పని అదే. దివాకరంగారి వేలు బొబ్బలెక్కింది.

ఇరవై ఆరున ఉత్తర్వు వచ్చింది. రెండే పేరాలు. శ్రీమతి పైడమ్మను జూలై ఒకటవ తేదీ పూర్వాహ్నము నుండి శాశ్వత ప్రాతిపదికపై వర్షమాపక సహాయకురాలిగా నియమించడమైనది. సదరు ఉద్యోగినిని అదే తేదీ అపరాహ్నము నుండి సస్పెండ్ చేయడమైనది.

పైడమ్మ దాన్ని మూడుసార్లు చదువుకుంది.

"అంటే నాను పర్మినెంటా బాబూ?"

"పర్మినెంటే."

"మరి వయసు?"

"జూలైలో నీకు వయసుందిగా."

"మళ్ళీ తీసెయ్యరు కదా?"

"తియ్యాలంటే విచారణ పూర్తవ్వాలి," అన్నారు కామేశంగారు. "ఈ శాఖలో విచారణ పూర్తవడం నా సర్వీసులో నేను చూళ్ళేదు."

ఆమె కళ్ళ నీళ్ళు తుడుచుకుని, బజారుకెళ్ళి జిలేబీ పొట్లం తెచ్చి ఇరవై ఇద్దరికీ పంచింది. సస్పెండైనందుకు మిఠాయి పంచిన ఉద్యోగిని చూడడం దివాకరంగారికి అదే మొదటిసారి. అయినా రెండు తిన్నారు.

కానీ సస్పెన్షనులో ఉన్నవాళ్ళు విధులు నిర్వర్తించరాదు. మర్నాడు కుండపోత వాన పడింది. ఇరవై ఇద్దరూ కిటికీల దగ్గర నిలబడి చూశారు. ఆఖరికి దివాకరంగారే గొడుగేసుకుని వెళ్ళి డబ్బా మూత తీసి, గాజు గొట్టం ఏ వైపు పట్టుకోవాలో తెలియక, చీటీ మీద 'సుమారు రెండు గ్లాసులు' అని రాసుకొచ్చారు. అది పుస్తకంలోకి ఎక్కింది, సరిచూడబడింది, పై ఆఫీసుకి వెళ్ళింది. గ్లాసు సైజు తెలుపవలసిందిగా పై ఆఫీసు మధ్యాహ్నానికే తాఖీదు పంపింది.

కామేశంగారు నియమావళి తిరగేశారు. సస్పెండైన ఉద్యోగి స్థానంలో, విచారణ ముగిసేదాకా, పని తెలిసినవారిని ఒకరిని రోజుకూలీ మీద పెట్టుకోవచ్చునని ఉంది. ఆ పని తెలిసినవారు జిల్లా మొత్తం మీద ఒక్కరే ఉన్నారు. కబురు పంపారు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింబావుకి పైడమ్మ ఉతికి ఆరేసిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. కామేశంగారు రోజుకూలీల రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశారు. ఆ రిజిస్టరులో పేరు ఎక్కాలంటే వచ్చిన మనిషి నోటితో చెప్పాలి, అది పద్ధతి.

"ఎవరి స్థానంలో వచ్చావమ్మా?" అని అడిగారు.

పైడమ్మ కొంగు భుజం మీదుగా కప్పుకుని, నిటారుగా నిలబడింది.

"పైడమ్మగారి బదులొచ్చానండి," అంది.